పూలు రాలాక ఆర్కిడ్ కాడ కొయ్యాలా, ఉంచాలా?

మీరు అడిగినవి నాలుగు. ఫెలనాప్సిస్ ఆర్కిడ్ పూలన్నీ రాలిపోయాయి, కాడ మాత్రం ఇంకా పచ్చగానే ఉంది, దాన్ని కొయ్యాలా? కుండీ అంచు దాటి బయటికి పాకుతున్న వేర్లు చూడ్డానికి బాగాలేవు, కత్తిరించవచ్చా? అడుగు ఆకు పసుపుకి తిరుగుతోంది, తీసెయ్యాలా? పక్కనే ఉన్న డెండ్రోబియం అనే ఇంకో ఆర్కిడ్‌లో మూడు గడలకి, అంటే కర్రల్లాంటి కాండాలకి, ఒక్క ఆకూ లేదు, అవి చచ్చిపోయినట్టేనా?

ముందు జవాబులు చెప్పేస్తాను. కాడ సంగతి మొక్క బలాన్ని బట్టి ఉంటుంది. వేర్లు కొయ్యకండి. ఆకు దానంతటదే ఊడేదాకా ఆగండి. ఆ గడల జోలికి అసలు వెళ్లకండి. ఇక ఎందుకన్నది వివరంగా చెప్తాను. కారణం తెలిస్తే రేపు ఇంకో రకం ఆర్కిడ్ ఇంటికొచ్చినా ఎవర్నీ అడగనక్కర్లేకుండా మీరే తేల్చుకోగలరు.

గులాబీ, మందార పెంచిన చేతికి కత్తెర బాగా అలవాటు. కొమ్మ కొస తుంచితే కింది కణుపుల నుంచి రెండు మూడు చిగుళ్లు లేస్తాయి, మొక్క గుబురవుతుంది, ప్రతి కొత్త కొమ్మకీ పూలొస్తాయి. ఆర్కిడ్ దగ్గర ఈ లెక్క కుదరదు. ఆకు కోస్తే ఆ చోట కొత్త ఆకు రాదు. వేరు కోస్తే తెగిన కొస మళ్లీ సాగదు, మహా అయితే కాస్త వెనక నుంచి ఓ పక్క వేరు బయల్దేరుతుంది. బాగా ఎదిగిన ఫెలనాప్సిస్ కూడా ఏడాదికి పెట్టేది రెండో మూడో ఆకులు. అంటే పొరపాటున కోసిన ఒక్క ఆకు ఆ మొక్కకి నాలుగైదు నెలల సంపాదన. అందుకే నా దృష్టిలో ఆర్కిడ్ కత్తిరింపు అంటే మొక్క వాడుకుని వదిలేసిన భాగాన్ని తీసెయ్యడం, లేదా కుళ్లు పాకకుండా ఆపడం. ఈ రెండూ కాని కోత చాలావరకు మొక్కకి నష్టమే.

మొక్క దేన్ని వదిలేసిందో తెలియాలంటే అది ఎలా పెరుగుతుందో చూడాలి. ఆర్కిడ్లలో పెరిగే తీరు రెండు రకాలు. ఫెలనాప్సిస్, వాండా లాంటివి ఒంటి మొదలు మొక్కలు. నడినెత్తిన ఒకే చిగురు, అది ఎప్పటికీ పైకే పోతుంది, ఆకుల సందుల్లోంచి కాడలూ వేర్లూ వస్తాయి. ఆ నడి చిగురు తెగినా కుళ్లినా పైకి పెరగడం అక్కడితో సరి. ఒక్కోసారి మొదలు పక్కన పిలక వచ్చి మొక్క బతుకుతుంది, చాలాసార్లు రాదు. డెండ్రోబియం, కాట్లియా, ఆన్సిడియం, సింబిడియం రెండో రకం. ఇవి నేలబారుగా పక్కకి జరుగుతూ ఏటా కొత్త పిలక వేస్తాయి. ఆ పిలక లావెక్కి గడగానో దుంపలానో తయారవుతుంది, దాన్నే పెంచేవాళ్లు బల్బ్ అంటారు. కొత్త బల్బుని పాత బల్బులు పోషిస్తాయి. ఒంటి మొదలు మొక్కలో ఆకులే ఖజానా అయితే, ఈ రెండో రకంలో ఆ ఖజానా పాత బల్బులే. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మీ నాలుగు ప్రశ్నల్లో మూడింటికి జవాబు దొరికినట్టే.

ఎక్కడ కొయ్యాలో చెప్పే ముందు దేంతో కొయ్యాలో చెప్పాలి. ఇది చాలామంది పట్టించుకోని విషయం. నేనూ మొదట్లో పట్టించుకోలేదు, దానికి మూల్యం చెల్లించాను. ఒక ఏడాది పూలు అయిపోయాక ఒకే కత్తెర పట్టుకుని వరసగా అన్ని కుండీల కాడలూ కోసుకుంటూ పోయాను. మొక్క మొక్కకీ మధ్య కత్తెర తుడవాలన్న ఆలోచనే రాలేదు. మరుసటి ఏడాది ఒక కాట్లియా పూలల్లో రంగు చారలు చారలుగా విరిగిపోయి వచ్చింది. ఇంకో మొక్క ఆకుల మీద నల్లగా గుంటలు పడ్డ గీతలు. టెస్టు స్ట్రిప్‌తో చూస్తే వైరస్. అలా చూసుకుంటూ పోతే ఐదు మొక్కలకి అంటిందని తేలింది. ఐదింటినీ పారెయ్యాల్సి వచ్చింది. వాటిలో ఒకటి నేను తొమ్మిదేళ్లుగా పెంచుతున్నది.

ఆర్కిడ్లలో ఎక్కువగా కనిపించే వైరస్‌లు రెండు, సింబిడియం మొజాయిక్ వైరస్, ఒడొంటోగ్లాసమ్ రింగ్‌స్పాట్ వైరస్. పేర్లు అలా ఉన్నా సింబిడియానికీ ఒడొంటోగ్లాసానికీ మాత్రమే వస్తాయనుకోవద్దు, ఇంట్లో పెంచే చాలా రకాలకి అంటుకుంటాయి. మొక్క రసం ద్వారా పాకుతాయి, అంటే కోసిన బ్లేడు ద్వారా. ఇంతవరకూ వీటికి మందు లేదు. అన్నిటికంటే ఇబ్బంది ఏంటంటే, వైరస్ ఉన్న మొక్క చాలాకాలం పైకి నిక్షేపంగానే కనిపిస్తుంది. చూసి పోల్చుకోలేం. కాబట్టి ప్రతి మొక్కకీ వైరస్ ఉందనుకునే కత్తెర వాడాలి.

స్పిరిట్‌తో తుడిస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. 70 శాతం ఆల్కహాల్ బాక్టీరియాని, ఫంగస్‌ని బాగానే చంపుతుంది, వైరస్ విషయంలో దాన్ని నమ్ముకోలేం. రింగ్‌స్పాట్ వైరస్ మరీ మొండిది. నమ్మదగ్గది నిప్పు. లోహపు బ్లేడుని మంట మీద పెట్టి అంచు ఎర్రబడేదాకా కాల్చి, పూర్తిగా చల్లారాక వాడండి. వేడిగా ఉన్నప్పుడు కోస్తే కణజాలం ఉడికిపోతుంది. ఒక జాగ్రత్త, స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుని తడి ఆరకుండా మంట దగ్గరికి తేకండి, భగ్గుమంటుంది. ఇంకో దారి ట్రైసోడియం ఫాస్ఫేట్ చిక్కటి ద్రావణంలో కొన్ని నిమిషాలు నానబెట్టడం. బ్లీచ్ ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి నానబెట్టినా పనిచేస్తుంది, కాకపోతే కత్తెర తుప్పు పడుతుంది. ఇన్ని తంటాలెందుకు అనుకుంటే షేవింగ్ బ్లేడ్లు ఒక పెట్టె తెచ్చుకుని మొక్కకొకటి వాడి పారెయ్యండి. నేనిప్పుడు చేసేది అదే. రెండు మూడు మొక్కలున్న ఇంటికి దీన్ని మించిన పద్ధతి లేదు.

ఇక మీ ఫెలనాప్సిస్ కాడ. ఈ మొక్క పూలు రెండు మూడు నెలలు నిలుస్తాయి, ఆ కాలమంతా మొక్క తన నిల్వల్లోంచి ఖర్చు పెడుతూనే ఉంటుంది. చివరి పువ్వు వాడిపోయాక కాడ రెండు దారుల్లో ఏదో ఒకటి పడుతుంది. కొన్నిసార్లు కొస నుంచి గోధుమ రంగుకి తిరిగి కిందికి ఎండుకుంటూ వస్తుంది. అప్పుడు ఆలోచించాల్సిందేమీ లేదు, పూర్తిగా ఎండాక మొదలు దగ్గర కోసెయ్యండి, ఆకుల దగ్గర ఒకటి రెండు సెంటీమీటర్ల మోడు వదిలి. మొదలుకి ఆనించి కొయ్యబోతే పక్కన ఉన్న ఆకుకో, లోపల నిద్రపోతున్న మొగ్గకో గాయమవుతుంది.

మీదాన్లాగా కాడ పచ్చగా ఉండిపోతే అందులో ఇంకా ప్రాణం ఉన్నట్టు. కాడని దగ్గరగా చూడండి. అక్కడక్కడా కణుపులుంటాయి, ఒక్కో కణుపు మీద త్రికోణంలా చిన్న పొర అతుక్కుని ఉంటుంది. ఆ పొర కింద ఒక మొగ్గ నిద్రలో ఉంటుంది. కింది నుంచి లెక్కపెట్టి రెండో కణుపుకో మూడో కణుపుకో ఒకటి రెండు సెంటీమీటర్ల పైన కోస్తే, ఆ మొగ్గ లేచి పక్క కొమ్మ వేసి, రెండు మూడు నెలల్లో మళ్లీ పూసే అవకాశం ఉంది. కణుపుకి మరీ దగ్గరగా కొయ్యకండి, తెగిన చోటు ఎండుతూ కిందికి వస్తుంది, ఆ ఎండటం కణుపుదాకా చేరితే మొగ్గ కూడా పోతుంది. కాడ అసలు కొయ్యకుండా వదిలేసినా కొన్ని మొక్కలు కొస నుంచే ఇంకొన్ని మొగ్గలు వేస్తాయి, తప్పులేదు.

అయితే పూయించగలం కదా అని పూయించాలా? ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. ఇలా వచ్చే రెండో విడత పూలు తక్కువగా ఉంటాయి, చిన్నవిగా ఉంటాయి, పైగా మొక్క అలసిపోయి ఉన్నప్పుడు వస్తాయి. మొక్కకి దట్టంగా, గట్టిగా ఐదారు ఆకులుండి, వేర్లు బాగుంటే సరే, ఒకసారి ప్రయత్నించండి. మూడు నాలుగు ఆకులే ఉండి అవి వడలినట్టుంటే, లేదా మొక్క మీ ఇంటికొచ్చి ఏడాది కూడా కాకపోతే, కాడ పచ్చగా ఉన్నా సరే మొదలు దగ్గర కోసెయ్యండి. పచ్చటి కాడ కొయ్యడానికి చెయ్యి రాదు, నాకు తెలుసు. కానీ ఆ శక్తి ఆకులకీ వేర్లకీ పోతే వచ్చే ఏడాది వచ్చే కాడ ఇంతకంటే పొడుగ్గా, ఎక్కువ పూలతో వస్తుంది. మీరు పంపిన వివరాల ప్రకారం మీ మొక్కకి నాలుగు ఆకులు, అందులో ఒకటి పసుపు. అంటే లెక్కకి మూడు. నేనైతే కోసేస్తాను.

కొత్త కాడ రావడానికి కోతతో సంబంధం తక్కువ, చల్లదనంతో ఎక్కువ. పగలు 28 డిగ్రీలు దాటిన వేడి నిలకడగా ఉంటే ఫెలనాప్సిస్ ఆకులు పెడుతుంది తప్ప కాడ వెయ్యదు. కొన్ని వారాలపాటు పగలు 25 లోపు ఉండి, రాత్రిళ్లు 18 డిగ్రీల దరిదాపుల్లోకి దిగితే ఆకు సందులోంచి కాడ తొంగి చూస్తుంది. కోసినా పూయలేదని బాధపడేవాళ్లు చాలామంది అసలు ఈ చల్లటి రాత్రుల్నే మొక్కకి ఇవ్వరు. ఏసీ గదిలో మూసి పెట్టడం కంటే, వెలుతురు బాగా వచ్చే కిటికీ పక్కన రాత్రి చల్లగాలి తగిలేలా ఉంచితే చాలు.

ఇక్కడే ఒక హెచ్చరిక. కొత్తగా వచ్చేది వేరో కాడో తెలియక చాలామంది కాడని కోసేస్తారు. రెండూ ఆకుల సందుల్లోంచే వస్తాయి. వేరు కొస గుండ్రంగా, నున్నగా, మెరుస్తూ ఉంటుంది, కాస్త పొడుగయ్యాక వెనక భాగం వెండి రంగుకి తిరుగుతుంది. కాడ కొస చదునుగా, వేళ్లు కలిపి బొటనవేలు విడిగా పెట్టిన చేతిలా ఉంటుంది, పచ్చదనం పోదు, సాధారణంగా వెలుతురు వైపు తిరుగుతుంది. అనుమానంగా ఉంటే రెండు వారాలు ఆగండి, అదే చెప్తుంది.

కాడ మొదలు దగ్గర కొయ్యాలన్న నియమానికి లొంగని మొక్కలు కొన్నున్నాయి. ఫెలనాప్సిస్‌లోనే బెల్లినా, వయొలేసియా, కార్ను-సెర్వి లాంటి జాతులు ఒకే కాడ మీద ఏళ్ల తరబడి ఒకటీ రెండూ చొప్పున పూస్తూనే ఉంటాయి. సైకాప్సిస్ అనే ఆర్కిడ్ కూడా అంతే, సీతాకోకచిలుకలాంటి ఒక్క పువ్వు రాలాక అదే కాడ కొస నుంచి ఇంకోటి వస్తుంది. వీటి కాడలు పచ్చగా ఉన్నంతకాలం ముట్టుకోకూడదు. మొక్క కొన్నప్పుడు ఉన్న పేరు చీటీని పారెయ్యొద్దని నేను అందరికీ చెప్పేది ఇందుకే.

కొన్నిసార్లు కాడ కణుపు దగ్గర పూలకొమ్మకి బదులు చిన్న ఆకులు వస్తాయి. అది పిల్ల మొక్క. పెంచేవాళ్లు దీన్ని కేకీ అంటారు, హవాయి భాషలో ఆ మాటకి పసిబిడ్డ అనే అర్థం. దాన్ని కంగారుపడి కొయ్యకండి. రెండు మూడు ఆకులు, ఐదారు సెంటీమీటర్ల పొడవున రెండు మూడు వేర్లు వచ్చేదాకా తల్లి దగ్గరే ఉండనివ్వండి. దానికి నెలలు పడుతుంది. అప్పుడు రెండు వైపులా రెండేసి సెంటీమీటర్ల కాడతో సహా కోసి, చిన్న కుండీలో తడి పట్టే నాచులో నాటండి. వేర్లు రాకముందే కోసిన పిల్ల మొక్కలు నా దగ్గర ఒక్కటీ బతకలేదు.

మీ రెండో ప్రశ్న వేర్ల గురించి. ఈ ఒక్క విషయంలో నన్ను నమ్మండి, బయటికి వచ్చిన వేర్లు రోగం కాదు, కుండీ చాలక చేస్తున్న గోలా కాదు. ఫెలనాప్సిస్ పుట్టింది చెట్ల బెరడు మీద. గాలిలో వేలాడే వేర్లతోనే అది బతుకుతుంది. వేరు పైన స్పాంజి లాంటి పొర ఒకటుంటుంది, వెలామెన్ అంటారు. అది చచ్చిన కణాలతో తయారైనది, నీళ్లు తగిలితే క్షణాల్లో పీల్చుకుంటుంది. ఎండినప్పుడు లోపలంతా గాలి నిండి వెండిలా కనిపిస్తుంది, తడిస్తే పారదర్శకమై లోపలి ఆకుపచ్చ బయటపడుతుంది. ఆ ఆకుపచ్చ పత్రహరితమే, అంటే వేర్లు కూడా వెలుతురులో కొంత ఆహారం తయారు చేసుకుంటాయి. వాటిని కోస్తే మొక్క నోటి దగ్గర కూడు తీసేసినట్టే. బలవంతంగా వంచి కుండీలోకి దూర్చినా పుటుక్కున విరుగుతాయి, పైగా గాలికి అలవాటుపడ్డ వేరు, కుండీలో మట్టికి బదులు వేసే బెరడు ముక్కల తడిలో చాలాసార్లు కుళ్లిపోతుంది. చూడ్డానికి నచ్చకపోయినా వదిలెయ్యండి. నాకైతే ఆ వెండి వేర్లు గోడంట పాకడమే ఆర్కిడ్‌లో సగం అందం.

కొయ్యాల్సిన వేర్లు కుండీ లోపల ఉంటాయి, అవి కుండీ మార్చినప్పుడే కనిపిస్తాయి. బెరడు ముక్కలు ఏడాదిన్నర రెండేళ్లకి మెత్తబడి గాలి ఆడకుండా చేస్తాయి, అప్పుడు మార్చాలి. పూలు అయిపోయి కొత్త వేర్ల కొసలు పచ్చగా కనిపిస్తున్న సమయం మంచిది. మొక్కని కుండీలోంచి తీసే ముందు వేర్లని ఓ పావుగంట నీళ్లలో నానబెట్టండి, మెత్తబడి విరగకుండా వస్తాయి. తర్వాత ఒక్కో వేరునీ రెండు వేళ్ల మధ్య మెల్లగా నొక్కి చూడండి. రంగుని నమ్మకండి. చీకట్లో ఉన్న మంచి వేరు కూడా తెల్లగానో లేత పసుపుగానో గోధుమగానో ఉండొచ్చు. నొక్కితే గట్టిగా ఉందా, అది బతికున్నట్టు. బొద్దుగా కనిపిస్తూ నొక్కగానే నీళ్లు కారి పై పొర తొడుగులా ఊడొచ్చి లోపల దారం మిగిలిందా, అది పోయినట్టు. ఎండి బోలుగా కాగితంలా నలిగేదీ పోయినట్టే. పోయినవాటిని బతికున్న భాగందాకా కోసెయ్యండి. వేరు కొస ఒక్కటే కుళ్లి వెనక గట్టిగా ఉంటే కుళ్లిన మేరకే కొయ్యండి, వెనక నుంచి పక్క వేర్లు వస్తాయి.

కోశాక చాలామంది చేసే పొరపాటు వేర్లకి దాల్చినచెక్క పొడి చల్లడం. ఆకు మీద గాయానికో, కాడ మోడుకో దాల్చినచెక్క మంచిదే, గాయాన్ని ఆరబెడుతుంది, ఫంగస్‌ని అడ్డుకుంటుంది. ఆరబెట్టే ఆ గుణమే వేర్లకి శత్రువు, మంచి వేర్లు కూడా ఎండిపోతాయి. వేర్లు కోసిన మొక్కని ఓ పూట నీడలో గాలికి ఆరనిచ్చి, కొత్త బెరడులో పెట్టి, రెండు మూడు రోజులు నీళ్లు పొయ్యకుండా ఉంచండి. కోసిన చోట్లు మూసుకోవడానికి ఆ సమయం చాలు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పొయ్యమని చెప్పేవాళ్లుంటారు. దాని నురగకి కుళ్లు కణం, మంచి కణం అని తేడా తెలియదు, నేను వాడను. ఆకులు వడలిపోయి ముడతలు పడితే నీళ్లు తక్కువయ్యాయనుకుని ఇంకా పోస్తారు, చాలాసార్లు అసలు కారణం నీళ్లు ఎక్కువై వేర్లు కుళ్లడం. వేర్లు లేని మొక్క ఎన్ని నీళ్లు పోసినా తాగలేదు. అలాంటప్పుడు ముందు కుండీ విప్పి చూడాలి.

ఆకు విషయం తేలిగ్గా అయిపోతుంది. అట్టడుగు ఆకు ఒక్కటే, మెల్లగా, వారాల తరబడి పసుపెక్కుతుంటే అది వయసు మీరిన ఆకు. నత్రజని, పొటాషియం, మెగ్నీషియం లాంటి వాటిని మొక్క ఆ ఆకులోంచి లాక్కుని కొత్త ఆకుకి పంపుతోంది. ఆ పని పూర్తయ్యేదాకా ఆగితే ఆకు ఎండి, చేత్తో తాకితే ఊడొస్తుంది, గాయమే ఉండదు. తొందరపడి సగం పసుపులో కోస్తే మొక్క దాచుకున్నది మనం పారేసినట్టవుతుంది. ఎండి కూడా ఊడకపోతే నడి ఈనె వెంట నిలువునా చీల్చి, ఒక్కో సగాన్నీ ఒక్కో పక్కకి లాగండి, మొదలుకి గాయం కాకుండా వస్తుంది. అడుగుది కాకుండా పై ఆకో, నడి చిగురో పసుపెక్కితే మాత్రం అది మామూలు విషయం కాదు, మొదలు కుళ్లుతోందని అనుమానించాలి.

మచ్చలున్న ఆకుల్లో కొయ్యాల్సినవీ వదిలెయ్యాల్సినవీ వేరు వేరు. ఎండ దెబ్బ తగిలిన మచ్చ పొడిగా, తెల్లగానో గోధుమగానో, చుట్టూ గీత గీసినట్టు ఉంటుంది, వారం తర్వాత చూసినా అంతే ఉంటుంది. అది వికారంగా ఉన్నా మిగతా ఆకు పనిచేస్తోంది, ఉంచండి. నీళ్లు నిండినట్టు, మెత్తగా, ముదురు రంగులో, రోజురోజుకీ పాకే మచ్చ బాక్టీరియాది. ముట్టుకుంటే వాసన కూడా రావచ్చు. దానికి రేపు అనొద్దు. మచ్చ అంచు దాటి ఒకటి రెండు సెంటీమీటర్లు మంచి భాగంలోకి వెళ్లి కోసెయ్యండి, కోసిన అంచు లోపల గోధుమ రంగు కనిపిస్తే బ్లేడు మార్చి ఇంకా లోపలికి కొయ్యండి. అంచుకి దాల్చినచెక్క పొడో గంధకం పొడో అద్ది, మొక్కని మిగతావాటికి దూరంగా, గాలి ఆడే చోట పొడిగా ఉంచండి. ఈ కుళ్లు చాలావరకు నడినెత్తిన నిలిచిన నీళ్ల వల్లే మొదలవుతుంది. నీళ్లు పొద్దున్నే పొయ్యండి, ఆకుల మధ్య నిలిస్తే టిష్యూ కాగితంతో అద్ది తీసెయ్యండి.

ఇప్పుడు మీ డెండ్రోబియం గడలు. మీరు అవి చచ్చాయనుకోవడంలో తప్పేం లేదు, ఆకుల్లేని కర్రని చూసి ఎవరైనా అలానే అనుకుంటారు. కానీ గడ నొక్కితే గట్టిగా, పచ్చగానో పసుపు పచ్చగానో, కాస్త ముడతలున్నా బరువుగా ఉంటే అది బతికే ఉంది. కొత్త పిలకకి నీళ్లూ ఆహారమూ అదే పంపుతోంది. అంతకంటే పెద్ద సంగతి, నోబిలే రకం డెండ్రోబియంలు ఆకులు రాల్చిన గడల కణుపుల నుంచే పూస్తాయి. కాడ పొడుగ్గా వచ్చి కొసన ఫెలనాప్సిస్ లాంటి పూలు పూసే రకం డెండ్రోబియం కూడా ఒకసారి పూసిన గడ నుంచే తర్వాతి ఏడాదీ ఆ పై ఏడాదీ మళ్లీ కాడ వేస్తుంది. ఆకుల్లేని గడలన్నీ శుభ్రం చేసేవాళ్లు తెలియకుండా వచ్చే ఏడాది పూలని కోసేస్తున్నారు. పూలు అయ్యాక ఎండిన పూకాడ మాత్రం తీసెయ్యండి, గడని వదిలెయ్యండి. గడ పూర్తిగా గోధుమ రంగుకి వచ్చి, ఎండి, లోపల బోలుగా తగిలితే అప్పుడు మొదలు దగ్గర కొయ్యొచ్చు. మెత్తగా, నల్లగా కుళ్లుతున్న గడని మాత్రం వెంటనే తీసెయ్యాలి.

మిగతా రకాల గురించి క్లుప్తంగా. ఆన్సిడియం, సింబిడియం ఒకసారి పూసిన కాడ మీద మళ్లీ పూయవు, పూలు వాడగానే మొదలు దగ్గర కోసెయ్యొచ్చు, బల్బులు మాత్రం ఉంచాలి. కాట్లియాలో పువ్వు వాడాక దాన్ని తొడుగుతో సహా బల్బు పైదాకా కొయ్యండి. పువ్వు రాకముందే తొడుగు ఎండిపోయిందని మాత్రం కొయ్యకండి, కొన్ని రకాలు ఎండు తొడుగులోంచే మొగ్గ తీస్తాయి. వెలుతురుకి అడ్డంగా పట్టి చూస్తే లోపల మొగ్గ నీడ కనిపిస్తుంది. పాఫియోపెడిలంలో ఒక్కో ఆకుల గుత్తి ఒక్కసారే పూస్తుంది, కాడ కోసినా ఆ గుత్తిని దానంతటదే ఎండేదాకా ఉంచండి, పక్క పిలకని అది పోషిస్తుంది. వాండా బాగా పొడుగై అడుగు భాగం బోసిపోతే, మూడు నాలుగు మంచి వేర్లు పై ముక్కకి వచ్చేలా చూసి మధ్యకి కొయ్యొచ్చు, అడుగు మొద్దు కూడా చాలాసార్లు పిలకలు వేస్తుంది. పిలకలు వేసే రకాలని విడదీసి రెండు కుండీలు చెయ్యాలనుకుంటే ఒక్కో ముక్కకి కనీసం మూడు నాలుగు బల్బులుండాలి. ఒకటీ రెండుతో విడదీస్తే మళ్లీ పూయడానికి ఏళ్లు పడుతుంది.

మీ మొక్కలకి ఈ వారం చెయ్యాల్సింది తక్కువే. కొత్త బ్లేడుతో ఫెలనాప్సిస్ కాడని మొదలుకి రెండు సెంటీమీటర్ల పైన కొయ్యండి, మోడు కొసకి చిటికెడు దాల్చినచెక్క పొడి అద్దండి, పొడి ఆకుల మధ్యకి రాలకుండా చూసుకోండి. ఆ బ్లేడు పారెయ్యండి. పసుపు ఆకు జోలికి పోకండి. డెండ్రోబియం గడలని ఒక్కోదాన్నీ నొక్కి చూసి, గట్టిగా ఉన్నవాటి పక్కన పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోండి. చలి మొదలయ్యాక ఆ గడల కణుపుల దగ్గర చిన్న ఉబ్బు ఏమైనా కనిపిస్తుందేమో పదిరోజులకోసారి చూస్తుండండి. ఉబ్బు గుండ్రంగా ఉంటే పూమొగ్గ, సూదిగా ఉండి ఆకులా విచ్చుకుంటే పిల్ల మొక్క. ఏది వచ్చిందో నాకు తప్పకుండా చెప్పండి.